పాఠశాల ల్యాబ్‌లో అందరికీ ఒకే లాగిన్: జరిగిన తప్పుకు ఎవరిని అడగాలి?

ప్రశ్న: కంప్యూటర్ ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. మా ల్యాబ్‌లో 20 సిస్టమ్‌లు ఉన్నాయి. 9వ తరగతిలో 42 మంది ఉండటం వల్ల ఒక్కో సిస్టమ్ దగ్గర ఇద్దరిని, రెండు చోట్ల మాత్రం ముగ్గురిని కూర్చోబెడుతున్నాం. అన్నిటికీ ‘స్టూడెంట్’ అనే ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డు. ప్రతి పీరియడ్‌లోనూ చెప్పలేక దాన్ని చీటీ మీద రాసి బోర్డు పక్కన అంటించింది కూడా నేనే.

గత నెలలో ఒక అమ్మాయి సైన్సు ప్రాజెక్టును మెయిల్ చేసి, గంట కొట్టగానే లాగౌట్ చేయకుండా లేచి వెళ్లిపోయింది. తరువాతి పీరియడ్‌లో ఎవరో ఆమె మెయిల్ నుంచే నలుగురు తోటి విద్యార్థులకు అసభ్యమైన మాటలు పంపారు. ఆ అమ్మాయి మూడు రోజులు బడికి రాలేదు. రిజిస్టరులో 7వ నంబరు సిస్టమ్‌కు ఎదురుగా ఇద్దరి సంతకాలు ఉన్నాయి గానీ, ఇద్దరూ ‘నేను కాదు’ అంటున్నారు. నేను వెనక్కి తిరిగితే చాలు పిల్లలు సీట్లు మారతారు కనుక, వారు చెప్పేది నిజం కూడా కావచ్చు. అదే వారంలో ఆఫీసు వైఫై పాస్‌వర్డు పదో తరగతి పిల్లలకు తెలిసిపోయింది. దానితో నెట్ ఎంత నెమ్మదించిందంటే, హాజరు వివరాలు అప్‌లోడ్ కాక గుమాస్తా గారు తల పట్టుకుని కూర్చున్నారు.

ల్యాబ్‌కు ఇంటర్నెట్ తీసేయమని ప్రధానోపాధ్యాయులు, పోలీసులకు ఫిర్యాదు చేస్తానని అమ్మాయి తండ్రి అంటున్నారు. నేను 23 నియమాలు రాసి పిల్లలందరిచేత సంతకాలు పెట్టించాను. ఒక్కరైనా చదివినట్టు లేదు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: నెట్‌వర్క్ నిర్వాహకుడు, హైదరాబాద్

మేడమ్ గారూ, నియమాల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ చీటీ చింపేయండి. ఒకే లాగిన్‌ను 42 మంది వాడుతున్నంత కాలం, సిస్టమ్‌లో నమోదయ్యే ప్రతి పనీ ‘స్టూడెంట్’ అనే ఒక మనిషి చేసినట్టే ఉంటుంది. జీమెయిల్ పేజీ అడుగున కుడివైపు ‘వివరాలు’ నొక్కితే ఇటీవల ఆ ఖాతాను ఏ సమయంలో, ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి తెరిచారో కనిపిస్తుంది. కానీ బడిలోని 20 సిస్టమ్‌లూ బయటి ప్రపంచానికి సాధారణంగా ఒకే చిరునామాతో కనిపిస్తాయి కాబట్టి, అది మీ బడి దాకా తీసుకొచ్చి వదిలేస్తుంది తప్ప ఏ కుర్చీలో ఎవరున్నారో చెప్పదు.

కనుక ప్రతి విద్యార్థికీ రోల్ నంబరుతో విడి లాగిన్ ఇవ్వండి. అందులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే హక్కు ఉండకూడదు. అడ్మిన్ పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి, పైగా పిల్లల కళ్ల ముందు టైపు చేయకూడదు. వేళ్ల కదలికను చూసి పాస్‌వర్డు చెప్పేసే పిల్లలను నేను చూశాను! బ్రౌజర్‌ను గెస్ట్ మోడ్‌లో వాడించండి. ఆ విండోలన్నీ మూయగానే తెరిచిన ఖాతాలు, కుకీలు (సైట్లు బ్రౌజర్‌లో ఉంచే చిన్న గుర్తులు) చెరిగిపోతాయి కాబట్టి, లాగౌట్ మరచిన పిల్లవాడికి కూడా కొంత రక్షణ ఉంటుంది.

వైఫై విషయంలో ఆఫీసుకూ ల్యాబ్‌కూ నెట్‌వర్క్‌లు వేరు చేయించండి. ఒక హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్ల) వేగం అవసరమవుతుంది. మీది 50 ఎంబీపీఎస్ లైన్ అయితే పది మంది ఒకేసారి చూసినా గుమాస్తా గారికి మిగిలేదేమీ ఉండదు. ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించండి, పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. బ్రౌజర్‌లో ‘రహస్య’ విండోగా పిల్లలు అనుకునే ఇన్‌కాగ్నిటో గురించి కూడా చెప్పండి. అది ఆ సిస్టమ్‌లో హిస్టరీని నమోదు చేయదంతే. ఏ సైటుకు వెళ్లారన్నది నెట్‌వర్క్ నడిపేవారికి తెలియకుండా పోదు.

జవాబు: ఒక విద్యార్థి తండ్రి, కరీంనగర్

అమ్మా, మా అబ్బాయి ఎనిమిదిలో ఉండగా ఇలాగే బడి వైఫై పాస్‌వర్డును స్నేహితులందరికీ పంచాడు. ఎందుకు చేశావని అడిగితే, ‘రౌటర్ మీదే రాసి ఉంది నాన్నా, నేను దొంగిలించలేదు, చదివాను’ అన్నాడు. వాడి వాదనలో తప్పెక్కడుందో చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. పక్కింటివారు తాళంచెవి గడప మీద పెట్టి వెళ్తే అది మనకు కనిపిస్తుంది గానీ మనది కాదని చివరికి చెప్పాను. బడివారు మాత్రం ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి తిట్టారు. దానివల్ల వాడు మారలేదు, ఇంకోసారి దొరకకుండా ఎలా చేయాలో మాత్రమే ఆలోచించాడు. ఏడాది తరువాత వచ్చిన కొత్త మాస్టారు వాడికే ల్యాబ్‌లో చిన్న పనులు అప్పగించారు. పెన్‌డ్రైవ్‌లను స్కాన్ చేయకుండా ఎవరినీ పెట్టనీయకపోవడం, వైరస్ వల్ల ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయిన సిస్టమ్‌ను గుర్తించి చెప్పడం వంటివి. పక్కవాడు స్కాన్ చేయకుండా పెన్‌డ్రైవ్ గుచ్చాడని ఇంటికి వచ్చి నాతో ఫిర్యాదు చేసిన రోజు నాకు నవ్వాగలేదు.

జవాబు: న్యాయవాది, విశాఖపట్నం

ఇంకొకరి పాస్‌వర్డును మోసపూరితంగా గానీ, దురుద్దేశంతో గానీ వాడటం సమాచార సాంకేతికత చట్టం, 2000లోని 66సి సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తెరిచి ఉన్న మెయిల్‌ను వాడటం దాని కిందికి వస్తుందా అన్నది వాస్తవాలను బట్టి తేలవలసిన విషయం. అయితే 18 ఏళ్లు నిండనివారి వ్యవహారాన్ని సాధారణ కోర్టు కాక బాల న్యాయ మండలి చూస్తుంది. జైలు పేరు చెప్పి తరగతిలో బెదిరించడం వల్ల ప్రయోజనం లేదు, పైగా అది సరైన సమాచారం కూడా కాదు.

అమ్మాయి తండ్రి గారికి ఫిర్యాదు చేసే హక్కు ఉంది. ఆయన్ను వారించడం మీ పని కాదు. ఆ సందేశాలను ఎవరూ తొలగించకుండా చూడండి, సమయంతో సహా స్క్రీన్‌షాట్లు తీయించండి, ఆ రోజు రిజిస్టరు పేజీని భద్రపరచండి. ఫొటోలను మార్ఫింగ్ చేయడం దాకా వెళ్తే మాత్రం ఆలోచించకుండా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. మహిళలు, పిల్లలపై నేరాలకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. ఇంకొక మాట. సంతకాలు పెట్టించిన కాగితం పిల్లలను కట్టివేయదు, వారు మైనర్లు. తల్లిదండ్రులను పిలిచి, చదివి వినిపించి, వారి సంతకం తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. చీటీ ఈ రోజే చింపేశాను. 23 నియమాలను ఐదుకు తగ్గించి, ఆ ఐదింటినీ పిల్లలచేతే వారి మాటల్లో రాయించాను. ‘లేచే ముందు నీ పేరు తెర మీద ఉందేమో చూడు’ అన్నది ఆ అమ్మాయి రాసిందే. ఇంటర్నెట్ తీసేయడం గురించి ప్రధానోపాధ్యాయులు నెల రోజులు ఆగుతామన్నారు. ఒక్క సందేహం మిగిలింది: ఒక సిస్టమ్ దగ్గర ఇద్దరు కూర్చున్నప్పుడు ఎవరి లాగిన్ వాడాలి?

జవాబు: నెట్‌వర్క్ నిర్వాహకుడు, హైదరాబాద్

మౌస్ ఎవరి చేతిలో ఉంటే వారిది. పీరియడ్ సగంలో గంట కొట్టించి, ఒకరు లాగౌట్ చేశాకే రెండోవారు తమ లాగిన్‌తో కూర్చోవాలి. రెండు నిమిషాలు పోతాయి, పోనివ్వండి. రిజిస్టరులో కూడా సంతకం పక్కన ఆ సమయం రాయించండి. ముగ్గురున్న ఆ రెండు చోట్ల మాత్రం మీరే దగ్గర నిలబడాలి, మరో మార్గం లేదు.