తమ్ముడి మెడలో బిళ్ళ: టీబీనా, లింఫోమా అనే గ్రంథుల క్యాన్సరా తేలడం లేదు, ఈ దారిలో వెళ్ళినవాళ్ళు చెప్పండి

ఒంగోలు అక్క:
మా తమ్ముడికి 24 ఏళ్ళు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాడు. రెండు నెలల కిందట మెడ కుడి పక్కన బిళ్ళ కట్టింది. నొప్పి లేదు, సాయంత్రం పూట కొంచెం జ్వరం. రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు సరికదా పక్కనే ఇంకోటి వచ్చింది. సూది పరీక్ష చేయిస్తే రిపోర్టులో గ్రాన్యులోమాటస్ లింఫడినైటిస్ (గ్రాన్యులోమాలు, అంటే చిన్న చిన్న కణాల ముద్దలు చేరిన గ్రంథి వాపు) అని రాసి, కింద లింఫోమా కాదని తేల్చుకోవడానికి బయాప్సీ (బిళ్ళ తీసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయించమన్నారు. ఆ చివరి లైను చదివినప్పటి నుంచి నిద్ర లేదు. ఒక డాక్టర్ ఇలాంటివి మన దగ్గర ఎక్కువగా టీబీయే, మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూద్దాం అంటున్నారు. ఇంకొకరు బిళ్ళ మొత్తం తీసి చూడాల్సిందే అంటున్నారు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.

నల్గొండ నాన్న:
మా పాపకు 17 ఏళ్ళప్పుడు సరిగ్గా ఇదే జరిగిందమ్మా. బిళ్ళ తీయించాం, టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, ఆ తర్వాత మూడు రకాలు, అన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు. మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడకండి, అది మందు రంగు. ఒక విషయం మాత్రం చెప్పాలి. నెల తిరిగేసరికి బిళ్ళ తగ్గకపోగా పెరిగింది, ఇంటిల్లిపాదీ ఏడ్చాం. మందు పనిచేస్తున్నా కొందరికి అలా ఉబ్బుతుందని డాక్టర్ చెప్పారు. బయాప్సీ రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి ఆ మాట నమ్మగలిగాం, లేకపోతే ఎన్ని ఆసుపత్రులు తిరిగేవాళ్ళమో.

విశాఖ 31:
నాది రెండో వైపు కథ. నాకు బయాప్సీ లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టారు, నాలుగు నెలలు మింగాను. బరువు తగ్గుతున్నా, రాత్రిళ్ళు చెమటకు దుప్పటి తడిసిపోతున్నా టీబీకి అలాగే ఉంటుందిలే అన్నారు. చివరికి బిళ్ళ తీస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రకం అని తేలింది. దాంట్లో కూడా గ్రాన్యులోమాలు కనబడొచ్చట, నాకు అప్పుడే తెలిసింది. పదిహేను రోజులకోసారి చొప్పున 12 సార్లు కీమో ఎక్కించుకున్నాను, ఆపి మూడేళ్ళయింది, ఉద్యోగం చేసుకుంటున్నాను. లింఫోమా అని వచ్చినా అంతా అయిపోయినట్టు కాదు, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. నాకు ఇప్పటికీ బాధ అనిపించేది జబ్బు గురించి కాదు, ఆ నాలుగు నెలల గురించి.

ల్యాబ్‌లో పనిచేస్తాను:
అక్కా, ఆ చివరి లైను చూసి అంత భయపడొద్దు. సూదితో విడి కణాలు మాత్రమే వస్తాయి, లింఫోమా అవునో కాదో గట్టిగా చెప్పాలంటే బిళ్ళ లోపలి అల్లిక మొత్తం కనబడాలి, అందుకే అలా రాస్తారు. అయితే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళకముందే సర్జన్ గారిని ఒక మాట అడగండి: ముక్కను రెండు డబ్బాల్లో పంపమని. ఒకటి ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం), అది బయాప్సీకి. ఇంకోటి ఉత్త సెలైన్‌లో, అది జీన్ ఎక్స్‌పర్ట్‌కి (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), టీబీ కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్ష). అలవాటు కొద్దీ మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ చేయడం కుదరదు. ఇలా వచ్చిన డబ్బాలు చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ మనిషిని మళ్ళీ కోయాలి. జీన్ ఎక్స్‌పర్ట్ కొన్ని గంటల్లో చెబుతుంది, కల్చర్‌కి ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఎక్స్‌పర్ట్‌లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ కాదని కాదు. బయాప్సీ అయ్యేవరకు వాపు తగ్గడానికని స్టెరాయిడ్ వాడనివ్వకండి, లింఫోమా ఉంటే అది కనబడకుండా పోవచ్చు.

కరీంనగర్ కోడలు:
అమ్మకు చెప్పలేదన్నారు సరే, తమ్ముడికి మొత్తం చెప్పారా? మా ఆయన రిపోర్టు ఆయనకు తెలియకుండా వారం రోజులు బీరువాలో పెట్టాం. ఆయన మా ముఖాలు చూసి ఎప్పుడో గ్రహించి, మాకు తెలియకుండా ఒక్కడే భయపడ్డాడు. ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఒంగోలు అక్క:
అందరికీ చేతులెత్తి దండం. నిన్న బిళ్ళ తీశారు, మెడకు మాత్రం మత్తు ఇచ్చి, గంటలోపే అయిపోయింది. రెండు డబ్బాల సంగతి ముందే అడిగాను, సర్జన్ గారు విసుక్కోకుండా సరేనన్నారు. సెలైన్ డబ్బా నేనే ఆటోలో ల్యాబ్‌కు పట్టుకెళ్ళాను, ఒళ్ళో పెట్టుకుని. బయాప్సీ రిపోర్టు వారంలో వస్తుందట, అవసరమైతే ఇంకో పరీక్ష కలుపుతారట, దానికి మరికొన్ని రోజులు. తమ్ముడికి మొన్న రాత్రే రెండు పేర్లూ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను కూడా గూగుల్‌లో అదే చదువుతున్నానక్కా, నీకు చెబితే భయపడతావని చెప్పలేదు" అన్నాడు.