ఆర్‌సీఎం గుడిలో పెళ్లి పూజ: సీఎస్‌ఐ వాళ్లు సత్ప్రసాదం తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది సీఎస్‌ఐ (ప్రొటెస్టంట్ చర్చి), కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని ధ్రువీకరించే ఆచారం) అయింది. బంధువుల పెళ్లి ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) గుడిలో, పూజతో (మాస్) కలిపి. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) వరుసలో నిలబడవచ్చా?

జవాబు 1: వద్దండి. మామూలుగా కథోలికులకే ఇస్తారు. ప్రాణాపాయంలాంటి స్థితిలో, కొన్ని షరతులతో ప్రొటెస్టంట్లకు మినహాయింపు ఉంది (చర్చి చట్టం 844); పెళ్లి ఆ కోవలోకి రాదు. మీ చోటే ఉండి ప్రార్థించుకోండి, అందులో అమర్యాద ఏమీ లేదు.

జవాబు 2: కథోలిక బంధువులకు కూడా చెప్పండి: సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఉపవాసం ఉండాలి. నీళ్లు, మందులు ఫర్వాలేదు; వృద్ధులకు, రోగులకు సడలింపు ఉంది. గంట లెక్క పూజ మొదలయ్యే వేళకు కాదు, స్వీకరించే వేళకు. పెళ్లి టిఫిన్ల దగ్గరే ఇది తప్పుతుంది. ఘోరపాపం చేసినవారు ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలి.

జవాబు 3: పెళ్లి శనివారం ఉదయమైతే కథోలిక బంధువులు ఆదివారం పూజకు మళ్లీ వెళ్లాల్సిందే. శనివారం సాయంత్రం పూజైతే ఆదివారం పూజ బాధ్యత తీరినట్టే.