క్రోటన్ ఎరుపు పోయి పచ్చబడుతోంది, జబ్బేమైనా వచ్చిందా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి):
ఉగాదికి తెచ్చిన క్రోటన్ అండి, అప్పట్లో ఎరుపు, పసుపు, నారింజ కలిసి ధగధగలాడేది. సముద్రపు గాలికి పాడవుతుందని హాల్లో పెట్టాను, దసరా వచ్చేసరికి కొత్త ఆకులన్నీ పచ్చవే, మచ్చుకైనా ఎరుపు లేదు. నర్సరీలో అడిగితే ఎరువు వెయ్యమన్నారు. యూరియా నీళ్లు పోస్తే ఇంకా పచ్చబడింది. అమ్మ ముచ్చటపడి ఎంచుకున్న మొక్క, అందుకే టెన్షన్.

మిద్దెతోట, సీతమ్మధార:
జబ్బు కాదండి, వెలుతురు చాలడం లేదు. నీడలో ఉన్న మొక్క దొరికిన కాస్త వెలుతురునూ వదలకూడదని ఆకులో పత్రహరితం పెంచుకుంటుంది. ఎరుపునిచ్చేది ఆంథోసయనిన్, అది ఎండలో ఉన్న ఆకుకు గొడుగు లాంటిది, ఎక్కువైన వెలుతురును కొంత అడ్డుకుంటుంది. హాల్లో ఆ గొడుగుతో పనేముంది? యూరియా ఆపేయండి, అందులో ఉన్నది నత్రజని, పత్రహరితం తయారీకి కావలసిందీ అదే.

గాజువాక నుంచి:
ఎర్రటి ఆకులో పచ్చ ఉండదని నేనూ అనుకునేవాణ్ణి. ఒకసారి ఊదారంగు కోలియస్ ఆకును మరిగే నీళ్లలో వేశాను, ఊదా అంతా నీళ్లలోకి దిగిపోయి ఆకు పచ్చగా మిగిలింది. ఆంథోసయనిన్ నీళ్లలో కరుగుతుంది, పత్రహరితం కరగదు. తెలుపు సంగతి వేరు. మనీప్లాంట్ తెల్ల మచ్చల్లో పత్రహరితం ఉండదు కాబట్టి ఆ భాగం తిండి వండుకోలేదు, పచ్చ భాగమే దాన్నీ పోషించాలి, అందుకే తెలుపు ఎక్కువున్న తీగ నిదానంగా సాగుతుంది. అందులో పూర్తి పచ్చ కొమ్మ వస్తే మాత్రం మిగతావాటిని మించి పెరిగిపోతుంది, మొదట్లోనే కత్తిరించండి. పసుపు అంచు స్నేక్ ప్లాంట్ కూడా అంతే, ఆకు ముక్క నాటితే పిల్లలు పచ్చగా వస్తాయి, అంచు కావాలంటే పిలకల్ని దుంపతో సహా విడదీయాల్సిందే.

ఎంవీపీ కాలనీ నుంచి:
అయితే రేపే బాల్కనీలో పెట్టేయనా? తూర్పు వైపు, పదింటిదాకా ఎండ ఉంటుంది.

మిద్దెతోట, సీతమ్మధార:
చోటు బాగుంది కానీ ఒక్కసారిగా వద్దండి. నీడకు అలవాటుపడ్డ ఆకులు మాడతాయి, పైగా చోటు మారిస్తే క్రోటన్ అలిగి ఆకులు రాల్చేస్తుంది. ముందు రోజుకో గంట పెట్టి, రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ వెళ్లండి. ఉప్పుగాలి కదా, అప్పుడప్పుడు ఆకుల్ని మంచినీళ్లతో కడగండి. ఇప్పటికే పచ్చబడ్డ ఆకుల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కొత్తవి కూడా చాలా రకాల్లో ముందు పచ్చగానో పసుపుగానో వచ్చి, ముదిరేకొద్దీ ఆకు ఈనెల వెంట ఎరుపెక్కుతాయి. సంక్రాంతికి ఒక ఫొటో పెట్టండి, చూస్తాను.