డిగ్రీలో గ్రేడ్లు తక్కువైతే ఎంబీబీఎస్ ఆశ వదులుకోవాలా?

ప్రశ్న (హన్మకొండ)

కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని ఒక కళాశాలలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పూర్తి చేశాను. రెండు సెమిస్టర్లలో కెమిస్ట్రీ బ్యాక్‌లాగ్ పడింది. తరువాత గట్టెక్కినా మొత్తం గ్రేడు చెప్పుకోదగ్గదిగా లేదు. ఇంటర్ బైపీసీలో మాత్రం మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు నీట్ రాయాలని ఉంది. అమెరికాలో ఉంటున్న మా పెద్దనాన్నగారి అబ్బాయి, డిగ్రీ గ్రేడ్లు పాడైతే మెడికల్ కాలేజీలు దరఖాస్తును పక్కన పెట్టేస్తాయని అంటున్నాడు. ఇక్కడ కూడా అంతేనా?

జవాబు (వరంగల్)

మీ అన్నయ్య చెప్పింది అక్కడి సంగతి. అక్కడ డిగ్రీ తరువాతే వైద్యవిద్య. ఉమ్మడి దరఖాస్తులో తప్పిన సబ్జెక్టు గ్రేడు, మళ్లీ చదివి తెచ్చుకున్న గ్రేడు రెండూ లెక్కకు వస్తాయి, దానికి తోడు 472 నుండి 528 వరకు స్కోరు ఇచ్చే ఎంక్యాట్ పరీక్ష ఉంటుంది. మన దగ్గర ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకుతోనే వస్తుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉత్తీర్ణులైన మీకు డిగ్రీ గ్రేడు అడ్డు కాదు. గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో తొలగించారు. అర్హత షరతులను మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్వయంగా చదువుకోండి. చుట్టాల మాట మీద ఆధారపడవద్దు.

జవాబు (జనగామ)

పై జవాబు సరైనదే గానీ, అసలు చిక్కు వేరే చోట ఉంది. బీజెడ్‌సీలో ఫిజిక్స్ లేదు, అంటే మీరు మూడేళ్లుగా ఒక్క ఫిజిక్స్ లెక్క కూడా చేసి ఉండరు. నీట్‌లోని 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్స్‌వే, 720లో 180 మార్కులు వాటివే. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కనుక గుడ్డిగా బబుల్ దిద్ది గట్టెక్కలేరు. బయాలజీకి సగం మార్కులున్నా, డిగ్రీ జువాలజీ చదివినందువల్ల అవి వాటంతట అవే రావు. అక్కడ అడిగేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యాలను, బొమ్మలను. కెమిస్ట్రీ బ్యాక్‌లాగ్ ఏ పాఠాల వల్ల పడిందో కూడా నిజాయితీగా చూసుకోండి. ఆర్గానిక్ అర్థంకాక పడితే, అదే ఇక్కడా ఎదురవుతుంది. తెలుగులో రాసే వీలుంది కానీ, అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రమాణం.

జవాబు (మహబూబాబాద్)

నీట్‌లో అర్హత సాధించడం వేరు, సీటు రావడం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 2022లో మా ఊళ్లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో, 2024లో ములుగులో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో సీట్లు పెరిగిన మాట నిజమే, పోటీ తగ్గిందని మాత్రం నేను అనను. కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి ప్రభుత్వం తరఫున భర్తీ చేసే సీట్లు) కౌన్సెలింగ్ మన వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమే చూస్తుంది. స్థానికత కోసం తొమ్మిదో తరగతి నుండి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి, టీసీ ఇంకా డిగ్రీ కళాశాలలోనే ఉంటే ఫీజు బకాయి తీర్చి ఈ నెలలోనే తెచ్చుకోండి.