పెన్షన్ పన్ను, పంచాయతీ నిధులు, జీడి యూనిట్ సబ్సిడీ: మన వైపు అనుభవాలు రాయండి

రాజాం రిటైర్డ్ టీచర్:
అందరికీ నమస్కారం. బావగారు పోయాక మా అక్కకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ట్రెజరీలో పన్ను పట్టుకోవడం లేదు. బ్యాంకు మాత్రం డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుంది. నా పెన్షన్‌కి ఒక లెక్క, ఆవిడ పెన్షన్‌కి మరో లెక్కట. తెలిసినవాళ్లు చెప్పండి. ఊరి రోడ్లు, చిన్న వ్యాపారాల సబ్సిడీల సంగతి తెలిస్తే అవీ ఇక్కడే రాయండి, మా ఊళ్లో చాలామంది అడుగుతున్నారు.

బొబ్బిలి అకౌంటెంట్:
మాస్టారూ, లెక్కలు వేరే, నిజమే. మీ పెన్షన్‌ని చట్టం జీతం కింద చూస్తుంది కాబట్టి 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తగ్గించే మొత్తం) వస్తుంది. అక్కగారిది ‘ఇతర ఆదాయం’. అందులో మూడో వంతు, లేదా 25,000, ఏది తక్కువైతే అంతే తగ్గిస్తారు. పాత విధానంలో అయితే ఆ పరిమితి 15,000 మాత్రమే.

పెన్షన్, వడ్డీ కలిపి 12 లక్షలు దాటకపోతే కొత్త విధానంలో రిబేటు వల్ల పన్ను సున్నా. అయినా ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. బ్యాంకు పట్టుకున్న టీడీఎస్ కూడా రిటర్న్ వేస్తేనే వెనక్కొస్తుంది. అరవై నిండినవాళ్లకి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్ పట్టాలి, 2025 ఏప్రిల్ నుంచి ఇదే పరిమితి. అంతకుమించి వడ్డీ వచ్చి, పన్ను మాత్రం పడనివాళ్లు, పన్ను పడదని రాసిచ్చే ఫారం (2025-26లో దాని పేరు 15హెచ్) బ్యాంకుకి ఇవ్వాలి. అది ఏటా ఏప్రిల్‌లో కొత్తగా ఇచ్చుకోవాలి. ఇచ్చిన కాగితం మీద బ్యాంకు ముద్ర వేయించి దాచుకోమనండి.

నా మాట కూడా చెబుతాను. భర్త పోయిన ఇంట్లో మందుల ఖర్చేం తగ్గదు. పెన్షన్ చూస్తే బాగా తగ్గిపోతుంది. అలాంటి ఆవిడకి 25,000, మీకు 75,000 అనడం న్యాయం కాదు. పెన్షనర్ల సంఘాలు డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) గురించి అడిగినంత గట్టిగా దీన్నీ అడగాలి.

చీపురుపల్లి పెన్షనర్:
డీఆర్ బకాయిలు ఒకేసారి పడి పన్ను పెరిగినవాళ్లు సెక్షన్ 89 కింద ఉపశమనం అడగొచ్చు. అయితే 10ఈ ఫారం ముందు ఆన్‌లైన్‌లో వేసి, ఆ తర్వాతే రిటర్న్ వేయాలి. వరస తప్పితే నోటీసు వస్తుంది.

మెళియాపుట్టి వార్డు మెంబర్:
మాస్టారుగారూ, రోడ్ల సంగతి నాను చెప్తాను. జనం సర్పంచ్‌ని తిడతారు గానీ, 2025-26 దాకా పంచాయతీలకి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం సొమ్ములో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసి ఉండేది. మిగిలిన 40 శాతంలోనే మిగతావన్నీ సూసుకోవాల్సొచ్చేది. 2025-26లో సీసీ రోడ్డు ఎక్కువగా ఉపాధి హామీ మెటీరియల్ (సిమెంటు, కంకర లాంటి సామాను) వాటా మీదే వచ్చేది. అదేమో జిల్లా మొత్తం ఖర్చులో కూలి 60 శాతానికి తగ్గకూడదు, మెటీరియల్ 40 శాతం దాటకూడదు అని లెక్క. పనికెళ్లే జనం తగ్గితే రోడ్డు డబ్బూ తగ్గిపోద్ది. ఇది ఊళ్లో ఎవులికీ సెప్పరు.

మేం ఏటి సేసామంటే, రోడ్డు పక్క మురుగు కాలవని రోడ్డు అంచనాలో కలపకుండా మురుగునీటి పని కింద పారిశుధ్యం పద్దులో పెట్టించాం. రోడ్డు మీద భారం తగ్గింది. గ్రామసభ తీర్మానంలో రెండు పనులూ విడివిడిగా రాయించాలి, లేకపోతే ఇంజనీరు ఒప్పుకోడు.

కొండమీద సవర గూడేలకి దారి లేకపోతే పీఎం జన్‌మన్‌లో (బాగా వెనకబడిన గిరిజన తెగల కోసం కేంద్రం పథకం) అడగండి. వంద మంది జనాభా ఉన్న గూడేనికీ రోడ్డు ఇస్తారు. గర్భిణిని ఇంకా డోలీలో దింపుతున్నారంటే కడుపు తరుక్కుపోతాది.

కాశీబుగ్గ జీడి యూనిట్:
పీఎంఎఫ్‌ఎంఈలో (చిన్న ఆహారశుద్ధి యూనిట్లకి కేంద్రం పథకం) 2025-26 లెక్క ప్రకారం 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. కానీ అది చేతికి రాదు. బ్యాంకు ఖాతాలోనే మూడేళ్లు ఉండి, అప్పు సరిగ్గా కడితే అప్పుడు లోన్‌లో సర్దుతారు. పైగా అది మెషిన్ల లాంటి పెట్టుబడికే. మాకు అసలు డబ్బు కావలసింది జీడి పిక్కల సీజన్‌లో. ఆ రెండు మూడు నెలల్లో ఏడాదికి సరిపడా బస్తాలు కొని పెట్టుకోకపోతే యూనిట్ ఆగిపోతుంది, పొట్టు తీసే ఆడవాళ్లకి పని ఉండదు. ప్రభుత్వం నిజంగా మాకు సాయం చెయ్యాలంటే ఈ కొనుగోలుకి తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలి.

గుండు (నిండు పప్పు), బద్ద (చీలిన పప్పు) పట్టుకెళ్లిన బయటి వ్యాపారి నెలల తరబడి డబ్బు ఇవ్వకపోతే ఏం చెయ్యాలి? ఎవరికైనా తెలుసా?

బొబ్బిలి అకౌంటెంట్:
మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉందా అన్నా? ఉంటే ఆ వ్యాపారి మీకు, రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆ గడువు దాటితే, మీకు కట్టేదాకా ఆ ఖర్చుని తన పన్ను లెక్కలో చూపించుకోలేడు. ఈ నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సరుకు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న యూనిట్లకే ఇది, కొని అమ్మే ట్రేడర్లకి కాదు. ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. మార్చి నెలాఖరుకి ముందే అతని ఆడిటర్‌కి ఒక ఉత్తరం పంపండి.

రాజాం రిటైర్డ్ టీచర్:
బాబూ, అక్క చేత ఈ వారమే రిటర్న్ వేయిస్తాను. మెళియాపుట్టి వారూ, కాలవ తీర్మానం నకలు ఉంటే ఇక్కడ పెట్టగలరా? మా పంచాయతీ వాళ్లకి చూపిస్తాను.