మలేరియా: ఒకే రోగిలో టీఎన్‌ఎఫ్ అంకెలు ఎందుకు మారుతున్నాయి?

ప్రశ్న: ఫాల్సిపారం (తీవ్ర మలేరియా తెచ్చే పరాన్నజీవి) రోగుల రక్తంలో టీఎన్‌ఎఫ్‌ను (జ్వరం, వాపు రేపే రోగనిరోధక ప్రోటీన్) ఎలైజాతో (యాంటీబాడీల సాయంతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చూస్తే ఉదయం నమూనాకూ సాయంత్రం నమూనాకూ పొంతన లేదు. కిట్ లోపమా? అసలు టీఎన్‌ఎఫ్‌ను ఆపేస్తే తీవ్ర మలేరియా తగ్గుతుందా?

జవాబు 1: కిట్ సంగతి తర్వాత, ముందు సమయం చూడండి. సుమారు 48 గంటలకోసారి పరాన్నజీవి చేరిన ఎర్రకణాలు పగిలి హీమోజోయిన్ (పరాన్నజీవి హీమోగ్లోబిన్ తిని మిగిల్చే రంగు పదార్థం), జీపీఐ (పరాన్నజీవి పైపొరలోని కొవ్వు-చక్కెర అణువు) బయటపడతాయి. వాటికి స్పందించి మోనోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) టీఎన్‌ఎఫ్ వదులుతాయి. రక్తంలో అది ఎక్కువసేపు నిలవదు. ఫాల్సిపారంలో పరాన్నజీవులన్నీ ఒకేసారి పగలవు కూడా. జ్వరం మొదలైన వేళ, రక్తం తీసిన వేళ రెండూ రాసిపెట్టుకోండి.

జవాబు 2: సీరం (రక్తం గడ్డకట్టాక తీసే ద్రవం) బదులు ఈడీటీఏ (రక్తాన్ని గడ్డకట్టనివ్వని రసాయనం) ప్లాస్మా తీయండి. రక్తం గడ్డకట్టేలోపు కణాలు సైటోకైన్లు (టీఎన్‌ఎఫ్ లాంటి సంకేత ప్రోటీన్లు) వదిలి అంకెను పెంచేస్తాయి. త్వరగా వేరుచేసి, చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. కరిగించిన ట్యూబును మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు.

జవాబు 3: ఆపడం గురించి: గాంబియాలో సెరిబ్రల్ మలేరియా (మెదడును దెబ్బతీసే తీవ్ర రూపం) పిల్లలకు టీఎన్‌ఎఫ్ నిరోధక యాంటీబాడీ ఇచ్చి చూశారు. 1996లో ఫలితాలొచ్చాయి. మరణాలు తగ్గలేదు సరికదా, బతికినవారిలో నరాల లోపాలు పెరిగాయి. ఐఎల్-10 (వాపును అణచే సైటోకైన్) కూడా కొలవండి. టీఎన్‌ఎఫ్‌తో పోలిస్తే అది తక్కువున్న ఆఫ్రికా పిల్లల్లో తీవ్ర రక్తహీనత ఎక్కువగా కనబడింది.