నాగర్‌కోట్‌లో సూర్యోదయం, అమ్మతో పోవచ్చునా?

తిరుచానూరు చిన్నోడు:
అందరికీ నమస్తే. దీపావళి అయినాక నవంబర్లో అమ్మని తీసుకొని నేపాల్ పోదామనుకుంటా ఉండాం. పశుపతినాథ్ దర్శనం అమ్మ కోరిక, మంచుకొండల మీద పొద్దు పొడిచేది చూడాలని నాకు. ఖాట్మండు నుంచి నాగర్‌కోట్ 32 కిలోమీటర్లేనంట, రాత్రి మూడున్నరకి కారు మాట్లాడుకొని పోయి, సూర్యోదయం చూసుకొని, అట్నే చాంగు నారాయణ్ గుడి దాకా పల్లెల్లో నడిచి దిగొచ్చని చదివినా. అమ్మకి 58 ఏళ్ళు. నెలకొకసారి శ్రీవారి మెట్టు ఎక్కుతుంది, 2388 మెట్లు, యాడా కూర్చోదు కూడా. దిగేది మాత్రం ఎప్పుడూ బస్సులోనే. ఈ నడక ఆమెకి ఎట్లుంటుంది?

మదనపల్లె టమాటా:
శ్రీవారి మెట్టు ఎక్కే ఆమెకి అదొక లెక్కా బ్రో. మేం పోయినేడు పోయినాం, ఎక్కేది దాదాపు ఏమీ లేదు, అంతా దిగుడే. ఎత్తు 7,200 అడుగుల దగ్గర, ఊపిరాడకపోవడం అట్లాంటిదేమీ ఉండదు. ఒకటే మాట, ఎవరెస్ట్ చూపిస్తానని అమ్మకి ముందే చెప్పి పెట్టొద్దు. ఆకాశం బాగుంటే దూరంగా ఆవగింజంత కనపడుతుంది, అదీ ఎవరన్నా వేలు పెట్టి చూపిస్తేనే. లాంగ్‌టాంగ్ వైపు కొండలు మాత్రం ఎదురుగ్గా వరసగా ఉంటాయి, ఎండ తగిలేసరికి ఎర్రగా అయిపోతాయి, అబ్బా.

చిత్తూరు అత్త:
టమాటా, నువ్వు చిన్నోడివి, నీ మోకాళ్ళతో చెప్తా ఉండావు. తమ్ముడూ, ఆమె దిగేది బస్సులోనే అని నువ్వే రాసినావు కదా, అసలు సంగతి అదే. నాగర్‌కోట్ నుంచి చాంగు నారాయణ్‌కి పది పన్నెండు కిలోమీటర్లు, రెండు వేల అడుగులు కిందికి, అంటే తిరుమల నుంచి అలిపిరి దాకా దిగినట్టే అనుకో, మెట్లు లేవు అంతే. నాకూ ఎక్కేటప్పుడు మోకాళ్ళ మెట్టు కూడా ఏమీ అనిపించదు, అక్కడ దిగేటప్పుడు మూడో గంటకి కాళ్ళు వణికినాయి, మట్టిరోడ్డు మీద జీపులు పోతే ఆ దుమ్ము ఒకటి. అందుకని దారిమధ్యలో ఉండే తేల్‌కోట్ అనే ఊరి దాకా బస్సులోనో కారులోనో వచ్చి అక్కడి నుంచి నడవండి, బాగుండే దారంతా అక్కడే ఉంది. మెట్లు మెట్లుగా పొలాలు, వరి కోతలు, ఇంకా మన రాగులు! వాళ్ళు కోదో అంటారు, దాంతో ఢిండో అని వండుతారు, అచ్చం మన సంగటే, చూసి మా ఆయన ఊరిబిండి ఏదీ అని అడిగినాడు.

మూడున్నర కారు వద్దే వద్దు. చీకట్లో ఘాట్ రోడ్డు, చలి, పోయినాక మబ్బు పట్టి ఉంటే ఆ రోజు పోయినట్టే. ముందు రోజు సాయంత్రానికే పోయి పైనే పడుకోండి, సూర్యాస్తమయం కూడా దొరుకుతుంది, పొద్దన్నే ఆరుంబావుకి స్వెట్టర్ వేసుకొని రూమ్ బయటికొస్తే చాలు. వాచీ 15 నిమిషాలు ముందుకి తిప్పుకోండి, వాళ్ళ టైమ్ వేరే.

తిరుచానూరు చిన్నోడు:
అత్తా చాలా థాంక్స్, దిగే సంగతి నేను ఆలోచించనే లేదు. గుడి ఎట్లుంటుంది?

చిత్తూరు అత్త:
విష్ణుమూర్తి గుడి, అమ్మకి నచ్చకుండా ఎట్లుంటుంది. గుడి ముందర గరుత్మంతుడు మోకాలి మీద కూర్చొని దండం పెడతా ఉంటాడు, మనిషి ముఖమే, మానదేవ రాజు ముఖమని అక్కడ చెప్పుకుంటారు. పక్కన ఆయన వేయించిన శాసనం ఉంది, 464వ సంవత్సరంది. అక్కడి నుంచి భక్తపూర్‌కి బస్సు ఉంటుంది, దిగినాక మట్టిముంతలో పెరుగు తినకుండా రావొద్దు.

రేణిగుంట జంక్షన్:
అందరూ నడక గురించే చెప్తా ఉండారు, కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు. విమానంలో పోతే ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాల. 65 దాటినోళ్ళకీ 15 లోపు పిల్లలకీ మాత్రమే ఆధార్‌తో కుదురుతుంది, మీ అమ్మకి 58 కదా. డబ్బులు వంద నోట్లు పెట్టుకోండి, మన వందకి వాళ్ళ 160.

తిరుచానూరు చిన్నోడు:
అమ్మకి పాస్‌పోర్టు లేదన్నా. ఓటరు కార్డు ఉండాది గానీ అడ్రసు పుంగనూరుది, పెళ్ళి కాకముందుది. ఫోటోలో జడ చూసి నేనే గుర్తుపట్టలేదు.

రేణిగుంట జంక్షన్:
😀 అడ్రస్ కాదు సమస్య, ఇంటిపేరూ ఫోటోనే. టికెట్ మీద పేరు కార్డులో ఉన్నట్టే ఉండాల. ముందు కార్డు మార్పించు, ఆ తర్వాతే టికెట్.